కోలుకోలేని కోడిపిల్లకు బాధ లేని ముగింపు: పెరటి కోళ్లు పెంచేవారికి కొన్ని సూచనలు

పెట్టను పొదగేసినా, ఇంట్లో చిన్న ఇంక్యుబేటర్ పెట్టుకున్నా, పుట్టిన పిల్లలన్నీ ఒకేలా ఉండవు. పది పన్నెండు పిల్లలు చురుగ్గా గింజలు ఏరుకుంటుంటే, ఒకటి మాత్రం లేవలేక పక్కకు ఒరిగి పడి ఉంటుంది, లేదా బొడ్డు మూసుకోక, పొట్ట ఉబ్బి, కళ్లు తెరవకుండా మూలుగుతూ ఉంటుంది. చాలా ఇళ్లలో ఇలాంటి పిల్లను ఒక మూల గంప కింద ఉంచి వదిలేస్తారు. చేతులారా చంపడం పాపమనే జాలితోనే అలా చేస్తారు, అందులో సందేహం లేదు. అయితే అప్పుడే పుట్టిన పిల్ల పొట్టలో పచ్చసొన ఇంకా మిగిలి ఉంటుంది కాబట్టి మేత, నీళ్లు లేకపోయినా అది రెండు మూడు రోజుల దాకా ప్రాణంతో ఉండగలదు. ప్రకృతి దాన్ని కాపాడడానికి ఇచ్చిన ఆ నిల్వే, గంప కింద వదిలేసిన పిల్లకు చలిలో, దాహంలో, చీమల మధ్య సాగే సుదీర్ఘమైన చావుగా మారుతుంది. అందుకే నిర్ణయం తీసుకోవలసిన బాధ్యతను పిల్ల మీదకో, కాకి మీదకో నెట్టకుండా మనమే తీసుకోవాలి. బతికించగలిగిన దాన్ని పట్టుదలగా బతికించాలి, బతికించలేని దాన్ని ఆలస్యం చేయకుండా, బాధ తెలియకుండా సాగనంపాలి.

ముందుగా, తొందరపడి చంపకూడని పిల్లలు

ఆలస్యంగా పుట్టిన పిల్లను లోపం ఉన్న పిల్లగా పొరబడడం చాలా మంది చేసే పొరపాటు. కోడిగుడ్డు పొదగడానికి 21 రోజులు పడుతుంది. పెంకుకు చిల్లు పడిన తరువాత పిల్ల పూర్తిగా బయటికి రావడానికి ఒక్కోసారి 24 గంటలు కూడా పడుతుంది. అలా అలసిపోయి వచ్చిన పిల్ల తడిగా, మెడ వాల్చి, చచ్చినట్టే పడి ఉంటుంది. దానికి కావలసింది వెచ్చదనం, విశ్రాంతి మాత్రమే. వెచ్చని చోట ఒక పూట ఉంచితే ఈకలు ఆరి, గుండ్రంగా పొంగి, తానే లేచి నిలబడుతుంది.

కాళ్లు చెరో పక్కకు చాపుకొని పొట్ట మీద పాకే పిల్ల కూడా చాలాసార్లు బాగయ్యేదే. నున్నని ప్లాస్టిక్ ట్రేలో గానీ, పరచిన దినపత్రిక మీద గానీ పుట్టిన పిల్లకు కాళ్లు పట్టు దొరకక జారిపోతూ ఉంటే తొడ కీళ్లు అలాగే తెరుచుకుపోతాయి. దీనికి మందుల దుకాణంలో దొరికే అంటుకునే గుడ్డ బ్యాండేజిని అర అంగుళం కన్నా సన్నగా కత్తిరించి, రెండు కాళ్లకు ఎనిమిది అంకె ఆకారంలో చుట్టి, మధ్యలో రెండు మూడు సెంటీమీటర్ల ఎడం ఉంచాలి. కాళ్లు శరీరం కిందికి తిన్నగా రావాలి గానీ ఒకదానికొకటి అంటుకోకూడదు, రక్తప్రసరణ ఆగేంత బిగుతుగానూ ఉండకూడదు. కింద గోనెపట్టా పరిస్తే గోళ్లకు పట్టు దొరుకుతుంది. కట్టుతో ఉన్న పిల్ల నీళ్లలో బోర్లా పడితే లేవలేదు కాబట్టి నీళ్ల మూకుడులో గులకరాళ్లు వేసి ఉంచాలి. మొదటి రెండు రోజుల్లో కట్టు వేస్తే రెండు నుంచి నాలుగు రోజుల్లో చాలా పిల్లలు మామూలుగా నడుస్తాయి. వారం దాటాక ఎముకలు గట్టిపడి ఫలితం బాగా తగ్గుతుంది.

వేళ్లు లోపలికి ముడుచుకుపోవడం తరచుగా బి2 విటమిన్, అంటే రైబోఫ్లేవిన్ లోపం వల్ల వస్తుంది. నీళ్లలో బి-కాంప్లెక్స్ చుక్కలు కలిపి ఇస్తూ, పలుచని అట్టముక్క మీద వేళ్లను విడదీసి టేపుతో అంటించి రెండు మూడు రోజులు ఉంచితే తొలిదశలో ఉన్నవి సర్దుకుంటాయి. తల వెనక్కి వాల్చి ఆకాశం కేసి చూసే పిల్లకు బి1 లోపం, తల కాళ్ల మధ్యకు వంచుకొని వణుకుతూ పల్టీలు కొట్టే పిల్లకు ఇ-విటమిన్ లోపం కారణం కావచ్చు. వీటికి కూడా ముందు విటమిన్లు ఇచ్చి, మేత ముక్కు దగ్గర పెట్టి చూడాలి. పై ముక్కు, కింది ముక్కు ఒకదానిమీద ఒకటి కుదరక పక్కకు తిరిగిన పిల్లలో వంకర కొద్దిగానే ఉంటే, లోతైన గిన్నెలో తడిపిన మేత పెడితే అది తిని పెరుగుతుంది. పెరిగే కొద్దీ వంకర ఎక్కువవుతుందన్నది గుర్తుంచుకోవాలి, అలాంటిదాన్ని గుడ్ల కోసం జత కట్టించకూడదు. ఒక కన్ను లేని పిల్ల, ఒక వేలు తక్కువైన పిల్ల హాయిగా బతుకుతాయి.

వెనకాడకూడని పిల్లలు

పేగులు గానీ, పచ్చసొన సంచి గానీ పొట్ట బయటే ఉండిపోయిన పిల్ల, కపాలం మూసుకోక మెదడు కనిపించే పిల్ల, రెండు కళ్లూ లేని పిల్ల, మేత పట్టుకోవడానికి వీలే లేనంతగా ముక్కు తిరిగిపోయిన పిల్ల, నడవడానికి అడ్డమయ్యేలా అదనపు కాళ్లతో పుట్టిన పిల్ల బాగుపడవు. పచ్చసొన పూర్తిగా లోపలికి పోకుండా బొడ్డు దగ్గర చిన్న బఠాణీగింజంత మాత్రమే కనిపిస్తే, శుభ్రమైన చోట ఇంకొక రోజు ఇంక్యుబేటర్లోనే ఉంచి చూడవచ్చు. అంతకు మించి ఉంటే ఆశ పెట్టుకోనవసరం లేదు.

బొడ్డు వాపు వ్యాధిని గుర్తుపట్టడం నేర్చుకోవాలి. మొదటివారంలో చనిపోయే పిల్లల్లో ఎక్కువ దీనివల్లనే పోతాయి. పిల్లను వెల్లకిలా అరచేతిలో పడుకోబెట్టి, బొడ్డు చుట్టూ ఉన్న నూగును వేలితో పక్కకు జరిపి చూడాలి. ఆరోగ్యమైన పిల్లకు అక్కడ పొడిగా, మూసుకుపోయిన చిన్న మచ్చ మాత్రమే ఉంటుంది. జబ్బు పిల్లకు బొడ్డు తడిగా, ఎర్రగా లేదా నల్లటి పక్కు కట్టి ఉంటుంది. పొట్ట మెత్తగా, నీళ్ల సంచిలా జారుతూ, చర్మం నీలి ఆకుపచ్చ రంగుకు తిరిగి ఉంటుంది, దగ్గరికి తీసుకుంటే కుళ్లు వాసన వస్తుంది. ఇ. కోలై వంటి సూక్ష్మజీవులు పచ్చసొనలో చేరి కుళ్లబెట్టడమే దీనికి కారణం. వాసన వచ్చే దశకు చేరిన పిల్ల యాంటీబయాటిక్‌తో కూడా కోలుకోవడం అరుదు. పైగా అది మిగిలిన పిల్లలకు అంటించే ప్రమాదం ఉంది.

కొంచెం పెద్ద పిల్లల్లో, కాలు వెనక్కి మడిచే కీలు వాచి, దాని వెనక గాడిలో ఉండవలసిన స్నాయువు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే గట్టి తాడులాంటి భాగం, పక్కకు జారిపోయి కాలు మెలితిరగడం కనిపిస్తుంది. మేతలో మాంగనీస్, కోలిన్ అనే పోషకాలు తక్కువైతే ఇది వస్తుంది. జారిన తొలి గంటల్లో స్నాయువును గాడిలోకి తోసి కట్టు కడితే కొన్ని నిలుస్తాయి. రోజులు గడిచాక కాలు మెలిపడినవి నొప్పితోనే బతుకుతాయి.

ఈ రెండు వర్గాల మధ్య తేల్చుకోలేని పిల్లలకు నా సలహా 48 గంటల గడువు. పిల్లను వేరే పెట్టెలో, బల్బు కింద 35 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచాలి. గ్లూకోజు కలిపిన గోరువెచ్చని నీటిని ముక్కు అంచుకు చుక్కలుగా తాకించాలి, నోట్లోకి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఆ తరువాత బాగా చిన్నగా చిదిమిన ఉడికించిన పచ్చసొన పెట్టాలి. ఉదయం, సాయంత్రం వంటింటి తూకం మీద బరువు చూడాలి. తనంతట తాను ముక్కు వాల్చి తాగుతోందా, నిలబడే ప్రయత్నం చేస్తోందా, బరువు నిలకడగా ఉందా అన్న మూడు విషయాలు గమనిస్తే చాలు. గడువు తీరేలోగా ఒక్కదానిలోనైనా మెరుగు కనిపిస్తే మళ్లీ సమయం ఇవ్వాలి. ఏదీ కనిపించకపోతే, లేదా ఆగకుండా సన్నగా అరుస్తూ నొప్పి పడుతుంటే, గడువు తీరేదాకా కూడా ఆగనక్కరలేదు.

ఒకటి కాదు, చాలా పిల్లలు పడిపోతుంటే

అప్పుడు విషయం వేరు. ఒకేసారి అనేక పిల్లలు, పెద్ద కోళ్లు నీరసించి, తెల్లగా లేదా ఆకుపచ్చగా పారుతూ, గురక పెడుతూ, మెడలు తిప్పుకుంటూ ఉంటే అది కొక్కెర తెగులు, అంటే రాణికెట్ కావచ్చు, మరొక అంటువ్యాధీ కావచ్చు. అలాంటప్పుడు జబ్బు పిల్లలను ఏరి చంపి పూడ్చేసి ఊరుకోకూడదు, కోసి వండుకోకూడదు, బేరగాడికి అమ్మకూడదు. దగ్గరలోని పశువైద్యశాలకు చెప్పాలి, లేదా సంచార పశువైద్య వాహనాల కోసం ఉన్న 1962 నంబరుకు ఫోన్ చేయాలి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో కోళ్లు పెద్ద ఎత్తున చనిపోయినప్పుడు, నమూనాలను భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాలకు పంపిన తరువాతే అది బర్డ్ ఫ్లూ అని తేలింది. చనిపోయిన కోడిని చూసి ఇంట్లో ఎవరూ దాన్ని నిర్ధారించలేరు. వైద్యుడు వచ్చేదాకా చనిపోయిన పిల్లలను చేతులతో ముట్టుకోకుండా, ముక్కుకు గుడ్డ కట్టుకొని, మూత ఉన్న చోట వేరుగా ఉంచాలి. ఇంట్లోని చిన్నపిల్లలను, కుక్కలను అటు రానివ్వకూడదు.

ఎలా చేయాలి

అందుబాటులో పశువైద్యుడు ఉంటే అన్నిటికన్నా మంచి దారి అదే. మత్తుమందు మోతాదు పెంచి ఇస్తే పిల్ల నిద్రలోనే పోతుంది. ఊళ్లో అది కుదరనప్పుడు, ఇంట్లో చేయదగిన పద్ధతులు రెండే. మెడ కీలు తప్పించడం ఒకటి, పదునైన పనిముట్టుతో ఒక్క వేటున తల వేరుచేయడం మరొకటి. అమెరికా పశువైద్యుల సంఘం మార్గదర్శకాలు కూడా, నేర్చుకున్నవారు సరిగా చేస్తే ఈ రెండూ పక్షులకు అంగీకారయోగ్యమైనవేనని చెబుతున్నాయి. ఏ పద్ధతైనా, నొప్పి ఎంత తక్కువ సేపు ఉంటుందన్నదే కొలత.

ముందుగా అన్నీ సిద్ధం చేసుకోవాలి. మిగిలిన కోళ్లు, ఇంట్లోని చిన్నపిల్లలు కనబడని, వినబడని చోటు చూసుకోవాలి. చేతులకు తొడుగులు, ఒక మెత్తని పాతగుడ్డ, పూడ్చడానికి తవ్విన గుంట, సున్నం దగ్గర పెట్టుకోవాలి. అన్నీ అమరేదాకా పిల్లను వెచ్చగా, చీకటిగా ఉన్న అట్టపెట్టెలోనే ఉంచాలి, ఎందుకంటే వెలుగు తగ్గితే కోడిపిల్ల త్వరగా సద్దుమణుగుతుంది. ఎప్పుడూ చేయనివారు మొదటిసారి బతికున్న పిల్ల మీద ప్రయత్నించవద్దు. ఇంతకుముందే సహజంగా చనిపోయిన పిల్ల ఏదైనా ఉంటే దాని మీద పట్టు ఎలా ఉండాలో, కీలు విడిపోయినప్పుడు వేలికి ఎలా తగులుతుందో తెలుసుకోవాలి. అనుభవం ఉన్న పెంపకందారు పక్కన ఉండి చూపిస్తే ఇంకా మంచిది. చికెన్ దుకాణానికి జబ్బు పిల్లను పట్టుకుపోవడం మాత్రం వద్దు, అక్కడి కోళ్ల ద్వారా జబ్బు ఊరంతా పాకే అవకాశం ఉంటుంది.

మెడ కీలు తప్పించేటప్పుడు, పిల్ల ఒంటినీ కాళ్లనూ ఎడమ అరచేతిలో గుడ్డతో కలిపి నిదానంగా, కదలకుండా పట్టుకోవాలి. కుడిచేతి బొటనవేలును, చూపుడువేలును తల వెనక, కపాలం ముగిసి మెడ మొదలయ్యే చోట సరిగ్గా చేర్చాలి. తలను కొద్దిగా వెనక్కి వంచుతూ, ఒంటి నుంచి దూరంగా ఒకే ఒక్కసారి గట్టిగా, వేగంగా లాగి సాగదీయాలి. కీలు విడిన క్షణం వేళ్లకు స్పష్టంగా తెలుస్తుంది, తలకూ మెడకూ మధ్య చర్మం కింద ఖాళీ ఏర్పడుతుంది. మెడను నలపడం, పట్టకారుతో నొక్కడం, బల్ల అంచుకు అదమడం ఈ పద్ధతి కాదు. వాటివల్ల గొంతు నలిగి ఊపిరాడక పోతుందే తప్ప వెన్నుపాము వెంటనే తెగదు. సంకోచంతో సగం బలం పెట్టడమే ఇక్కడ పెద్ద క్రూరత్వం. పుట్టి ఒకటి రెండు రోజులైన పిల్లల మెడ చాలా మృదువు కాబట్టి ఒక్కోసారి తల విడివచ్చేయవచ్చు. చూసేవారికి అది కష్టంగా ఉంటుంది గానీ పిల్లకు అదనపు బాధ ఉండదు.

వారం లోపు పిల్లలకు, చేతిబలం మీద నమ్మకం లేనివారికి, రెండో పద్ధతే ఖాయమైనదని నా అభిప్రాయం. దానికి కూరగాయలు కోసే చిన్న కత్తెర పనికిరాదు. పిల్ల మెడ మొత్తం రెండు అంచుల మధ్య పట్టేంత పొడవైన, కొత్తగా సాన పట్టిన బలమైన కత్తెర కావాలి. పిల్లను గుడ్డలో చుట్టి, తల మాత్రం బయటికి ఉంచి, కపాలానికి ఆనుకొని ఒక్క నొక్కుతో పూర్తిగా తెగేలా చేయాలి. ఇంకా పెద్ద పిల్లలకైతే మొద్దు మీద బరువైన పదునుకత్తి వాడాలి. స్పృహ క్షణాల్లోనే పోతుంది.

ఏ పద్ధతిలోనైనా తరువాత రెక్కలు కొట్టుకోవడం, కాళ్లు తన్నుకోవడం ఒకటి రెండు నిమిషాలు ఉంటుంది. అవి నరాల ప్రతిచర్యలే గానీ నొప్పికి గుర్తు కావు, ఈ విషయం ముందే తెలియకపోతే మనసు కలవరపడి తప్పు చేశామనుకుంటాం. నిజంగా చూడవలసినవి వేరు. ముక్కు తెరిచి మూస్తూ లయగా శ్వాస తీస్తోందేమో, కనుగుడ్డును వేలితో మెల్లగా తాకితే రెప్ప కదులుతోందేమో, రొమ్ము మీద వేలు పెడితే గుండె కొట్టుకుంటోందేమో చూడాలి. రెప్ప కదిలినా, శ్వాస ఉన్నా, క్షణం ఆలస్యం చేయకుండా కత్తెరతో తల వేరుచేయాలి. ఏ గుర్తూ లేదని ఐదు నిమిషాల పాటు నిర్ధారించుకున్నాకే పక్కన పెట్టాలి.

ఎన్నటికీ చేయకూడనివి

నీళ్లలో ముంచడం, ప్లాస్టిక్ సంచిలో కట్టేయడం, ఫ్రిజ్ పైఅరలో పెట్టడం, సజీవంగా పూడ్చడం, పురుగుమందు కలిపిన నూకలు పెట్టడం, బండి పొగగొట్టం దగ్గర ఉంచడం, ఎండలోనో పెంటకుప్ప మీదో పడేయడం క్రూరమైనవి. ఫ్రిజ్‌లో నిద్రపోయినట్టు పోతుందని కొందరు నమ్ముతారు, కానీ వెచ్చని రక్తమున్న పిల్ల ఒళ్లంతా గడ్డకట్టే ముందు చాలాసేపు స్పృహలోనే ఉంటుంది. వంటసోడా, వెనిగర్ కలిపి వచ్చే వాయువుతో చంపే చిట్కా కూడా ప్రచారంలో ఉంది. గుడ్డులో ఉన్నప్పుడే ఎక్కువ కార్బన్ డయాక్సైడ్‌కు అలవాటుపడిన పిల్లలు పెద్ద కోళ్లకన్నా దాన్ని ఎక్కువసేపు తట్టుకుంటాయి. ఇంట్లో తయారయ్యే వాయువు పాళ్లు మన చేతిలో ఉండవు కాబట్టి అది ఊపిరాడకుండా చేసి హింసించడమే అవుతుంది. జంతువుకు అనవసరమైన బాధ కలిగించడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరమని కూడా తెలిసి ఉండాలి.

పుట్టని గుడ్ల విషయంలో చాలా నిర్లక్ష్యం జరుగుతుంది. 23వ రోజు దాటాక మిగిలిన గుడ్లను దిబ్బలో విసిరేస్తే, వాటిలో ఒకటో రెండో లోపల ఇంకా ప్రాణంతో ఉండవచ్చు. చెవి దగ్గర పెట్టుకొని కిచకిచ వినిపిస్తుందేమో, చీకట్లో టార్చి మీద పెట్టి చూస్తే కదలిక ఉందేమో పరీక్షించాలి. 17 రోజులు దాటిన గుడ్డులోని పిల్లను పుట్టిన పిల్లగానే భావించాలి. దాన్ని బయటికి తీసి పైన చెప్పిన విధంగానే చేయాలి.

ఆ తరువాత

గుంట కనీసం రెండు మూడు అడుగుల లోతు ఉండాలి, బావికీ బోరుకూ దూరంగా ఉండాలి. పిల్ల మీద సున్నం చల్లి మట్టి కప్పి, కుక్కలు తవ్వకుండా పైన రాళ్లు పెట్టాలి. కాలువలో, మురుగులో వేయకూడదు, కుక్కకో పిల్లికో వేయకూడదు. తొడుగులు, గుడ్డ కాల్చివేసి, కత్తెరను మరిగే నీటిలో ఉంచి, చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోవాలి. ఆ పిల్ల ఉన్న చోటి ఊకను తీసేసి, నేల ఆరాక సున్నం చల్లి, కొత్త ఊక పరచాలి. ఇంట్లో చిన్నపిల్లలు అడిగితే, పిల్ల ఎగిరిపోయిందని అబద్ధం చెప్పడంకన్నా, దానికి బాగా జబ్బు చేసింది, నొప్పి పడకుండా చేశామని చెప్పడమే మేలు.

ఇలాంటి పిల్లలు తక్కువ పుట్టేలా చూసుకోవడం మన చేతిలో చాలావరకు ఉంది. గుడ్లను వారం రోజులకు మించి నిల్వ ఉంచకూడదు, నిల్వలో కొన వైపు కిందికి ఉంచాలి, పెంట అంటినవాటిని పొదగడానికి వాడకూడదు. మురికి గుడ్డే బొడ్డు జబ్బుకు మొదటి దారి. గాలి తిప్పే పంకా ఉన్న ఇంక్యుబేటర్లో వేడి 37.5 డిగ్రీల వద్ద నిలకడగా ఉండాలి. వేడి పెరిగితే పిల్లలు తొందరగా, బొడ్డు మూసుకోకుండా, అంగవైకల్యాలతో వస్తాయి. గుడ్లు పెట్టే పెట్టలకు నూకలు, తవుడు మాత్రమే సరిపోవు, ఆకుకూరలు, చేపపొడి వంటివి, లేదా విటమిన్లు, ఖనిజాలు కలిసిన మేత అందాలి, ఎందుకంటే బి2, మాంగనీస్ గుడ్డులోకి తల్లి నుంచే చేరాలి.

చివరగా ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఏ పెట్ట గుడ్లలోంచి, ఏ పుంజుకు పుట్టిన పిల్లల్లో ఏ లోపం వచ్చిందో తేదీతో రాసి ఉంచితే, రెండు మూడు విడతల్లోనే ఒక దారి కనబడుతుంది. ఒకే పుంజు పిల్లల్లో వంకర ముక్కు మళ్లీ మళ్లీ కనిపిస్తే లోపం వంశంలో ఉందని అర్థం. తల్లి, కొడుకు, అక్కాతమ్ముళ్లు అదే పెరట్లో ఏళ్ల తరబడి కలిసే చోట ఇది మామూలు. ఆ పుంజును జత నుంచి తప్పించి, వేరే ఊరి నుంచి సంబంధం లేని పుంజును తెచ్చి, మంద నుంచి వేరుగా రెండు మూడు వారాలు ఉంచి, జబ్బేమీ లేదని తేలాక కలపాలి.